వ్యాఖ్యను అరచేత్తో మూసి

ఒకే కథను వరుస ఫొటోలతో చెప్పే ఫొటో కథనాన్ని చాలా కాలం నేను ఆల్బమ్ తిరగేసినట్టే తిరగేసేదాన్ని. ఒక్కో ఫొటో దగ్గర వెలుగు బాగుందా, కూర్పు కుదిరిందా అని చూసుకొని, కింది వ్యాఖ్య చదివి, తర్వాతి దానికి వెళ్లిపోయేదాన్ని. అందువల్ల విడి ఫొటోలు గుర్తుండేవి గానీ, అవన్నీ కలిసి ఏం చెప్పాయో గుర్తుండేది కాదు. ఆ అలవాటును మాన్పించింది అమెరికన్ ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ ఫొటో కథనం ‘కంట్రీ డాక్టర్’.

1948 సెప్టెంబరు 20 నాటి అమెరికన్ వారపత్రిక ‘లైఫ్’లో అచ్చయిన ఈ కథనం కోసం స్మిత్ అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని క్రెమ్లింగ్ అనే చిన్న ఊళ్లో 23 రోజులు గడిపారు. చుట్టుపక్కల సుమారు 400 చదరపు మైళ్లలో నివసించే దాదాపు 2,000 మందికి ఎర్నెస్ట్ సెరియాని ఒక్కరే వైద్యుడు. గుర్రం తన్నడంతో గాయపడిన ఓ పసిపాపకు ఆయన చికిత్స చేస్తున్న ఫొటో ఒకటి ఇందులో ఉంది. ముందుగా వ్యాఖ్యను అరచేత్తో మూసి చూడండి. ముడిపడిన నుదురు, పాప మీద నుంచి మళ్లి ఎటో చూస్తున్న కళ్లు, అణచుకోలేని ఆందోళన కనిపిస్తాయి. చేయి తీసి చదివితే, గాయానికి కుట్లు వేసినా కన్ను మాత్రం దక్కదని ఆయనకు అప్పటికే తెలుసనీ, ఆ మాటను తల్లిదండ్రులకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నారనీ అర్థమవుతుంది. ఆందోళన ఫొటోలో ఉంది, దాని కారణం వ్యాఖ్యలో ఉంది. కంటితో చూసిందేదో, మాట నమ్మి ఒప్పుకున్నదేదో ఇలా విడదీసుకోకపోతే, రెండూ కలిసిపోయి అంతా కళ్లారా చూసినట్టే అనిపిస్తుంది.

వరుసది మరో సంగతి. ఏ ఫొటో ముందు రావాలి, ఏది పేజీ నిండా పరుచుకోవాలి, ఏది మూలన చిన్నదిగా మిగలాలి అన్న నిర్ణయాలన్నీ కథనంలో భాగమే, అవి తరచుగా ఫొటో తీసినవారి చేతిలో ఉండవు. ఆఫ్రికాలో ఆసుపత్రి నడిపిన వైద్యుడు ఆల్బర్ట్ ష్వైట్జర్ మీద 1954లో వచ్చిన తన కథనం కూర్పు విషయంలో సంపాదకులతో విభేదించిన తర్వాతే స్మిత్ ‘లైఫ్’ను వదిలి వెళ్లారు. అందుకే పెద్దదిగా వేసిన ఫొటోను చూసినప్పుడల్లా, దీన్ని పెద్దది చేసింది ఎవరు, దీని కోసం ఏది తప్పుకుంది అని నేను అడుగుతాను.

‘కంట్రీ డాక్టర్’ మొదలయ్యే ఫొటోలో, మబ్బులు కమ్మిన ఆకాశం కింద, కలుపు పెరిగిన నేల మీదుగా, చేతిలో సంచితో సెరియాని నడిచి వస్తుంటారు. ముగింపు ఫొటోలో అర్ధరాత్రి దాటే వరకు సాగిన శస్త్రచికిత్స ముగించుకొని, ఆపరేషన్ దుస్తుల్లోనే వంటగదిలో ఆనుకొని నిలబడి ఉంటారు. ఒక చేతిలో కాఫీ కప్పు, మరో చేతిలో సిగరెట్టు. ఆ రెంటి మధ్య గడిచిన రోగులందరినీ తలచుకుంటూ మళ్లీ మొదటి పేజీకి వెళితే, ఆయన చేతిలోని సంచి ఇందాకటి కన్నా బరువుగా కనిపిస్తుంది.