నాలుగో తరగతి కాగితం

హైస్కూల్లో బయాలజీ టీచరుగా, అంటే స్కూల్ అసిస్టెంటుగా చేరి ఈ రోజుకు పది రోజులు. నా వయసు 39. అంతకుముందు పదకొండేళ్లు మందుల కంపెనీలో మెడికల్ రెప్పుని. తిరుపతి, చిత్తూరు, మదనపల్లెల్లో నేను బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చోని ఆస్పత్రి వరండా లేదు. 2022లో ఉద్యోగం మానేశా. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్, రెండేళ్ల బీఈడీ, 2024 అక్టోబరులో టీచరు అర్హత పరీక్ష టెట్, 2025 జూన్‌లో టీచరు పోస్టుల పరీక్ష డీఎస్సీ. ఆసారి పోస్టులు 16,347. అవనిగడ్డ పోయి కోచింగ్ తీసుకోకపోతే కష్టం అన్నారందరూ. పోలేదు. ఆరు నుంచి పది దాకా స్కూలు పుస్తకాలే నమిలి మింగా. 160 ప్రశ్నలు, ప్రశ్నకు అర మార్కు, టెట్ నుంచి ఇంకో 20 మార్కుల వెయిటేజీ. మొదటిసారికే వచ్చింది. కొంచెం గొప్పే, చెప్పుకోనివ్వండి.

నన్ను ఏడిపించింది పరీక్ష కాదు. నాలుగో తరగతి.

సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, పదో తరగతితో ముగిసే నాలుగేళ్లు వరసగా ఒక జిల్లాలో చదివితే ఆ జిల్లా పోస్టులకు లోకల్. నేను ఆరు నుంచి పది అప్పటి చిత్తూరు జిల్లా చంద్రగిరిలోనే చదివా. మరి సరిపోయింది కదా? సరిపోదు, ఏడేళ్లవీ తెమ్మన్నారు. మా నాయన ఆర్టీసీ కండక్టరు. ఆయన ట్రాన్స్‌ఫర్ పుణ్యాన నా నాలుగు, ఐదు తరగతులు అప్పటి నెల్లూరు జిల్లాలో ఒక ఊళ్లో నడిచాయి. ఆ ఊరూ, చంద్రగిరీ రెండూ 2022లో తిరుపతి జిల్లాలో కలిశాయి. డీఎస్సీకి మాత్రం పాత జిల్లాలే లెక్క. సొంత జిల్లాలో చదివి కూడా రెండేళ్లు నాన్‌లోకల్ పిల్లోణ్ణి. మా ఆవిడకు మూడుసార్లు వివరించా. నాలుగోసారికి నాకే అనుమానం వచ్చింది.

ఆ ప్రైవేటు బడి ఎప్పుడో మూతపడింది. అక్కడిప్పుడు టైల్స్ షాపు. రికార్డులు మండల విద్యాధికారి, అదే ఎంఈవో ఆఫీసులో ఉంటాయన్నారు. మొదటిసారి పోతే సారు మీటింగులో. రెండోసారి పోతే బీరువా తాళాలు లీవులో ఉన్న ఆయన దగ్గర. రెప్పు బుద్ధి ఎక్కడికి పోతుంది, నాలుగు మంచి పెన్నులు తీసుకెళ్లి ఇచ్చా. పెన్నులు తీసుకుని సోమవారం రమ్మన్నారు. మూడోసారి, నాకంటే పదేళ్లు చిన్న క్లర్కు ఒక గోనెసంచి చూపించి "మీరే వెతుక్కోండి సార్" అన్నాడు.

కింద కూర్చుని గంటన్నర వెతికా. అడుగున అడ్మిషన్ రిజిస్టరు, ఎలుకలు ఒక మూల కొరికేసింది. అందులో నా పేరు, మా నాయన పేరు. ప్రాణం లేచొచ్చింది. క్లర్కు నా పదో తరగతి సర్టిఫికెట్టు పక్కన పెట్టుకుని చూశాడు.

"డేట్ ఆఫ్ బర్త్ తేడా ఉందే. ఇది మీరేనని ఏంటి గ్యారంటీ?"

రిజిస్టర్లో నాది జూన్ ఒకటి. ఆ పేజీలో సగం మందిది జూన్ ఒకటే! బడిలో వేసేటప్పుడు తేదీ తెలీకపోతే హెడ్మాస్టరు రాసుకునేది అదే కదా. అదే చెప్పా. "అది మాకు తెలీదు సార్" అన్నాడు.

వెనక టేబుల్ దగ్గరున్న పెద్దాయన తలెత్తకుండానే అన్నాడు: "పుట్టుమచ్చలు చూడప్పా."

రెండింట్లోనూ ఒకటే రాసుంది. ఎడమ మోకాలి కింద మచ్చ.

"ఏదీ, చూపించండి."

గదిలో బిల్లుల కోసం వచ్చిన ఇద్దరు టీచరమ్మలు, ఎవరో పిల్లాడి తల్లిదండ్రులు, టీ తెచ్చిన అటెండరు. నా ప్యాంటు చూస్తే కింద బిగుతు. పిక్క దగ్గరే ఆగిపోయింది, పైకి రాదు. కుర్చీ మీద కాలు పెట్టి, ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో లాగుతున్నా. అటెండరు సాయానికొచ్చి సెల్‌ఫోన్ లైటు వేశాడు. టీచరమ్మలు కిటికీ వైపు తిరిగిపోయారు. కుట్టు పటుక్కుమంది. "ఉంది, ఉంది" అన్నాడు అటెండరు, కాణిపాకంలో దర్శనమైనంత సంతోషంగా. పదకొండేళ్లలో డాక్టర్లు నన్ను గంటలు గంటలు బయట నిలబెట్టారు, మొహం మీదే తలుపేశారు. ప్యాంటు ఎత్తమన్నవాడు ఒక్కడూ లేడు.

సంతకం, సీలు పడేసరికి సాయంత్రం నాలుగు. చినిగిన ప్యాంటుకు బ్యాగు అడ్డం పెట్టుకుని బస్సెక్కా.

డీఎస్సీ రాయాలనుకునేవాళ్లు ముందు ఈ కాగితాలు తెచ్చుకోండి, పుస్తకాలు తర్వాత కొనొచ్చు. బడి మూతపడి ఉంటే మరీ ముందు. పోయేటప్పుడు వదులు ప్యాంటు.

వెరిఫికేషన్ రోజు సారు నా ఫైలు తిప్పాడు. డిగ్రీ దగ్గర ఆగాడు, బీఈడీ దగ్గర ఆగాడు. నాలుగో తరగతి కాగితం ఐదో తరగతి కాగితానికి అంటుకుని, రెండూ కలిసే వెళ్లిపోయాయి. ఆయన విడదీయలేదు. సెప్టెంబరు 25న అమరావతిలో ఆర్డరు చేతికొచ్చింది.

నిన్న మా బళ్లో ఆరో తరగతికి ఒక పిల్లోడు ట్రాన్స్‌ఫర్ మీద వచ్చాడు. హెడ్మాస్టరు అడ్మిషన్ రిజిస్టరు నా ముందుకు తోసి "కొత్త సారు, మీరు రాయండి" అన్నారు. పుట్టినతేదీ టీసీలోదీ ఆధార్‌లోదీ రెండుసార్లు పోల్చి రాశా. తర్వాత గడి పుట్టుమచ్చలు.

"మచ్చ ఎక్కడుంది నాయనా?"

వాడు చెయ్యి చాపాడు. మణికట్టు మీదే ఉంది. బతికిపోయాడు.