మావయ్య పళ్లసెట్టు

గిన్నెలోనే ఉంది ఇంకా. మూడు వారాలుగా మావయ్య పెట్టుకోవడం లేదు, నేను నీళ్లు మాత్రం మారుస్తున్నాను. సాయంత్రం ఆ పళ్ల క్లినిక్ నుంచి మెసేజ్: "మీ చిరునవ్వే మా సంతోషం." ఒళ్లు మండిపోయింది.

మూడుసార్లు అరగదీశాడండీ. వెళ్లినప్పుడల్లా రెండొందలు. వయసుకి చిగుళ్లు అరుగుతాయి, సెట్టు వదులవుతుందంటాడు. వదులు కాదు బాబూ, కుడిపక్క ఎక్కడమే లేదని మావయ్య తెలుగులో, నేను వచ్చీరాని ఒడియాలో మొత్తుకున్నాం. పర్లాకిమిడిలో ఇన్నేళ్లుండి "అంగిలి"కి ఒడియా మాట రాదు నాకు. సెట్టు చూశాడు గానీ నోరు చూడలేదు.

వైజాగ్ డాక్టరు ముందు అంగిలి మీద వేలు పెట్టి నొక్కారు. తర్వాత ఒకటే ప్రశ్న: "ముక్కు ఒకపక్కే మూసుకుపోతోందా?" ఒకపక్కే, అందులో రక్తపు చారలు, బుగ్గ మొద్దుబారడం ఉంటే జలుబని వదలకూడదట. పై దవడ పళ్ల మీదే సైనస్ అనే గాలి గది, మధ్యన పల్చటి ఎముక. లోపల గడ్డ పెరిగి ఆ ఎముకను తినేస్తే నోట్లో తేలుతుంది. ముక్కులోకి కెమెరా గొట్టం, సీటీ, ఎమ్మారై, ఆ తర్వాతే పరీక్షకి గడ్డలోంచి ముక్క తీశారు. రకం తేల్చడానికి మళ్లీ వేరే రంగులు వేసి చూడాలట.

"ఏం పని చేసేవారు?" అని కూడా అడిగారు. వడ్రంగం.

నేను కాపరానికొచ్చిన కొత్తలో వరండా నిండా టేకు గుమ్మాలే. మావయ్య చిత్రిక పడుతుంటే పొట్టు చుట్టలు చుట్టలుగా నా కాళ్ల దాకా దొర్లేది. మీసాలు, కనుబొమలు పొడితో తెల్లగా ఉండేవి. తుమ్మినప్పుడల్లా అత్తయ్య బెల్లం ముక్క చేతిలో పెట్టేది, పొడికి విరుగుడని. నిద్రపట్టక ఇందాక వెతికితే, చెక్కపొడి క్యాన్సర్ కారకమని 1995లోనే తేల్చారట. ఆ ఏడాదే మా పెళ్లి.

అయినా తల, మెడ క్యాన్సర్లలో ఈ ముక్కు, సైనస్‌లవి నూటికి 3 నుంచి 5 మాత్రమేనట. ఊళ్లో పళ్లు కట్టేవాడికి ఎన్ని తగులుతాయి? గెడ్డం గీసుకుంటూ కుడి బుగ్గ తెగినా తెలియలేదని మావయ్య అంటే, నవ్వి పసుపద్దింది నేనే. ఆయన తువ్వాలు మీద రక్తం మరకలు వేడి చేసిందనుకుని ఉతికిందీ నేనే. ఏ పక్క ముక్కు అని అడగలేదు. కానీ ఆ రెండొందలు మాత్రం క్షమించను.

రిపోర్టు గురువారం. పలాస నుంచి పొద్దున్న బండి. ఇప్పుడే మావయ్య మంచం మీంచి అడుగుతున్నారు, గిన్నె మీద మూత పెట్టావా, పిల్లి తిరుగుతోంది అని.