జిప్సం బస్తా దించకముందు మురుగు బోదె చూసుకోండి

పెన్నా డెల్టా చివర చౌడు పట్టిన కయ్యను చూపించి ఎవరిని అడిగినా "నీళ్ళు చాలకే ఇట్టా అయింది" అంటారు. సగమే నిజం. ఉప్పు వచ్చేది నీళ్ళతోనే, పోవాల్సిందీ నీళ్ళతోనే. ఆ నీళ్ళు బయటికి పోయే దారి ఉందా లేదా అన్నదే అసలు సంగతి.

ఒక చిన్న లెక్క. కాలువ నీళ్ళ ఈసీ 0.5 అనుకుందాం. ఈసీ అంటే నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందో చెప్పే కొలత, మీటరుకు ఇన్ని డెసీసీమెన్స్ అని. ఉప్పు ఎక్కువైతే అంకె పెరుగుతుంది. 0.5 అంటే మంచి నీళ్ళే. దాన్ని 640తో గుణిస్తే లీటరుకు సుమారు 320 మిల్లీగ్రాముల ఉప్పు. వరికి నాట్ల నుంచి కోత దాకా మొత్తం 1.2 మీటర్ల లోతు నీళ్ళు పెడితే ఎకరాకు దాదాపు 4,850 ఘనపు మీటర్లు. వాటితో పాటు కయ్యలో దిగే ఉప్పు 1,500 కిలోల పైన, అంటే యాభై కిలోల బస్తాలు ముప్పై! ఈసీ 2 ఉన్న బోరు నీళ్ళయితే ఆరు టన్నులు దాటుతుంది. పైరు నీళ్ళు తాగి ఉప్పును దాదాపు అంతా వదిలేస్తుంది. ఎండ కూడా నీళ్ళనే ఎత్తుకుపోతుంది. మిగిలిన ఉప్పు కిందికి దిగి మురుగులో కలవాలి, లేదా అక్కడే పేరుకోవాలి.

సంగం, నెల్లూరు బ్యారేజీల దగ్గర్లో ఉన్న కయ్యలకు ఈ బాధ తక్కువ. నేల వాలు ఉంది, మురుగు కిందికి జారుతుంది. ఇందుకూరుపేట, విడవలూరు, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు వైపు సముద్రం దగ్గరయ్యేకొద్దీ నేల బల్లపరుపు, ఊటనీరు పైపైనే. ఊటనీరు ఐదారు అడుగుల లోపు ఉంటే, వేసవిలో ఖాళీగా పడున్న నేల దీపం వత్తి నూనెను పీల్చినట్టు దాన్ని పైకి లాగుతుంది. ఏప్రిల్‌లో గెనిమల మీద, మెరకల మీద తెల్లగా కనపడేది అదే. కయ్యలో రెండంగుళాల ఎత్తుపల్లాలు ఉన్నా మెరక భాగమే ముందు చెడుతుంది.

అయితే కనపడిన తెలుపంతా ఒకటే రకం కాదు. ఉప్పు పేరుకున్న పాల చౌడుకు మంచి నీళ్ళే మందు, సోడియం పట్టిన కారు చౌడుకు జిప్సం మందు. ఈ తేడా చూడకుండా బస్తాలు కొనేవాళ్ళే ఎక్కువ. ఇంట్లోనే తెలుసుకోవచ్చు. మూత ఉన్న గాజు సీసాలో గుప్పెడు పొడిమట్టి వేసి, దానికి ఐదింతలు వాననీళ్ళు గాని బ్యాటరీలో పోసే నీళ్ళు గాని పోయండి. రెండు నిమిషాలు మెల్లగా తిప్పి, కదపకుండా కిటికీలో పెట్టండి. కొద్ది గంటల్లో మట్టి అడుక్కి దిగి పైనీళ్ళు తేటపడితే ఉప్పు ఎక్కువున్న నేల, పాల చౌడు కావచ్చు. మర్నాటికి కూడా నీళ్ళు మజ్జిగలా మసగ్గానే ఉంటే మట్టిరేణువులను సోడియం విడగొట్టేసింది, అది కారు చౌడు. అలాంటి నేల తడిస్తే జారుడు, ఎండితే రాయి. నీళ్ళు పెడితే రోజుల తరబడి ఇంకవు. బోరు నీళ్ళు పోసి చేస్తే మాత్రం సీసా అబద్ధం చెబుతుంది. ఆ నీళ్ళలోని ఉప్పే మట్టిని అడుక్కి దించేస్తుంది.

సీసా చెప్పేది దారి మాత్రమే, మోతాదు చెప్పాల్సింది భూసార పరీక్ష. పాఠాల్లో పాల చౌడుకు ఈసీ 4 పైన, ఉదజని సూచిక (పీహెచ్) 8.5 లోపు అని ఉంటుంది. కారు చౌడుకు సూచిక 8.5 పైన, మార్పిడి సోడియం (మట్టిరేణువులు పట్టుకున్న పోషకాల్లో సోడియం వాటా) 15 శాతం పైన. ఇక్కడే ఒక తికమక ఉంది. ఆ 4 అన్నది మట్టిని ముద్దగా తడిపి పిండిన నీళ్ళలో చూసిన అంకె. మన ల్యాబుల్లో సాధారణంగా ఒక వంతు మట్టికి రెండు, రెండున్నర వంతుల నీళ్ళు కలిపి చూస్తారు. అందుకని కార్డు మీద 1.5 కనపడితే "నాలుగు లోపే ఉంది" అని సంబరపడొద్దు. నల్లరేగడిలో ఆ అంకెను సుమారు మూడు రెట్లు చేసుకోవాలి, ఇసుక నేలలో ఇంకా ఎక్కువ. వరి తట్టుకునేది ముద్ద లెక్కలో 3 వరకే. ఆపైన ఒక్కో అంకెకు దిగుబడి 12 శాతం చొప్పున పడుతుంది, అంటే 6 దగ్గర మూడో వంతు పైగా పోయినట్టే. మిరప 1.5 దాటితేనే తగ్గడం మొదలు. పత్తి 7.7 దాకా ఓర్చుకుంటుంది. మట్టిని పైన ఆరంగుళాలు, ఆ కింది ఆరంగుళాలు విడివిడిగా తీయండి, కలపొద్దు. వానల తర్వాత తీసిన మట్టి కంటే వేసవిలో తీసిన మట్టే నిజం చెబుతుంది.

పాల చౌడయితే కయ్యను పది పదిహేను సెంట్ల మడులుగా విడగొట్టి, బాగా చదును చేసి, ఆరంగుళాల నీళ్ళు నిలగట్టి, నాలుగైదు రోజులకు మడవ (గట్టులో నీళ్ళు పోయే గండి) తీసేస్తారు. ఇలా నాలుగైదు సార్లు. పైనీళ్ళు వదిలితే పైన కరిగిన పొరే పోతుంది. వేరు దగ్గరి ఉప్పు పోవాలంటే నీళ్ళు నేలలోకి దిగి పక్కనున్న బోదెలోకి రావాలి. అడుగు లోతు మట్టి గుండా అరడుగు నీళ్ళు దిగితే ఉప్పు సగం పోతుంది, అడుగు నీళ్ళు దిగితే ఐదింట నాలుగు వంతులు. ఒకేసారి నింపి ఉంచడం కంటే విడతలుగా పెట్టి ఆరనిస్తే తక్కువ నీళ్ళతోనే పని అవుతుంది. మన నెల్లూరు జిల్లాకు అక్టోబరు, నవంబరు వానలే పెద్దవి. వాననీళ్ళలో ఉప్పు దాదాపు సున్నా. కాబట్టి బోదెలు సెప్టెంబరులోనే తవ్వించుకోవాలి, లోతు రెండున్నర అడుగులకు తగ్గకుండా. ఫ్రీగా వచ్చే ఆ నీళ్ళను పోగొట్టుకుని వేసవిలో కాలువ నీళ్ళ కోసం కొట్టుకోవడం నాకైతే ఎప్పటికీ అర్థం కాదు.

ఉప్పూ సోడియం రెండూ ఉన్న నేలను మాత్రం జిప్సం లేకుండా కడగొద్దు. ఉప్పు ఉన్నంతసేపు మట్టి గుల్లగానే ఉంటుంది. అది పోగానే సోడియం చేతిలో చిక్కి సిమెంటులా బిగుస్తుంది.

జిప్సం చేసే పని ఒక్కటే. మట్టిరేణువును పట్టుకున్న సోడియాన్ని తోసేసి ఆ చోట్లో కాల్షియాన్ని కూర్చోబెడుతుంది. తోసేసిన సోడియం మళ్ళీ నీళ్ళలోనే ఉంటుంది, దాన్ని బయటికి పంపాలి. పరీక్షలో జిప్సం అవసరం 100 గ్రాముల మట్టికి ఒక మిల్లీ ఈక్వివలెంట్ (ల్యాబులో వాడే రసాయన కొలత) అని వస్తే, ఆరంగుళాల లోతుకు ఎకరానికి 700 కిలోల స్వచ్ఛమైన జిప్సం. దొరికే సరుకు 70 శాతం శుద్ధి అయితే టన్ను. ఐదని వస్తే ఐదు టన్నులు. వరి కోసమే అయితే అందులో సగంతో మొదలుపెట్టొచ్చు. మట్టిలో నాలుగంగుళాల లోపే కలపండి. నాగలితో లోతుగా తిరగేస్తే పలచబడి వృథా. లీటరు నీళ్ళలో రెండున్నర గ్రాముల లోపే కరిగే పదార్థం అది. ఎకరంలో నాలుగంగుళాలు నిలిచిన నీళ్ళు ఒక్క టన్నును కరిగించడానికే బొటాబొటిగా సరిపోతాయి. అందుకే వేసిన మర్నాడే మడవ తీస్తే లాభం లేదు. పది పదిహేను రోజులు నీళ్ళు నిలిపి ఇంకనివ్వాలి. తర్వాత పచ్చిరొట్ట కోసం ఎకరానికి 12 కిలోల జీలుగు విత్తనం చల్లి, 45 రోజులకు పూతకొస్తుండగా దమ్ము చేసేయండి.

నారు ముదురుగా 35 రోజులది తీసుకుని, కుదురుకు మూడు నాలుగు మొక్కలు దగ్గర దగ్గరగా నాటాలి. లేత నారుకు, పూతకు ఉప్పు తగిలితే తేరుకోవడం కష్టం. ఆఖరి దమ్ములో ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు వేయండి, డీఏపీతో కలిపి కాదు. ఆకుల మీద తుప్పు రంగు కనపడితే లీటరుకు 2 గ్రాములు, ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ. యూరియాను నిలవ నీళ్ళలో చల్లితే కారు చౌడులో చాలా భాగం అమ్మోనియాగా గాల్లోకి పోతుంది. నీళ్ళు తీసి చల్లి మళ్ళీ పెట్టండి.

ఇంత చేసినా మురుగు పోయే చోటు పెద్ద డ్రైనే. మన తీరంలో డ్రైన్లు బకింగ్‌హాం కాలువలోనో ఏటి మొగల్లోనో కలుస్తాయి. పోటు వచ్చినప్పుడు ఉప్పునీళ్ళు వాటిలోకి వెనక్కి తంతాయి. దానికి మందు డ్రైను మూతి దగ్గర పైన కీలు ఉన్న ఇనుప తలుపు. లోపలి నీళ్ళు తోస్తే తెరుచుకుంటుంది, సముద్రం తోస్తే మూసుకుంటుంది. అంత సాదా యంత్రం కూడా ఎక్కడ చెడుతుందో చూడండి: అంచు రబ్బరు చిరిగిపోవడం, కీలు తుప్పు పట్టడం, గుర్రపుడెక్క ఇరుక్కోవడం, చేపల కోసం ఎవరో కర్ర అడ్డం పెట్టి తెరిచి ఉంచడం. తలుపు అరడుగు తెరిచి ఉన్నా పోటుకు ఉప్పు లోపలికొస్తుంది. రొయ్యల గుంట పక్కనున్న కయ్యకు గుంట గట్టు కిందే ఒక ఊట బోదె తప్పనిసరి.

వాలు లేని చోట నేలలో చిల్లుల గొట్టాలు వేసి, సంపు నుంచి మోటారుతో తోడాలి. ఉప్పుగుండూరు, కొణంకి గ్రామాల్లో బాపట్ల వ్యవసాయ శాస్త్రవేత్తలు ఇలాంటి గొట్టాల మురుగు వ్యవస్థను వేసి చూశారు. ఊరి పేరులోనే ఉప్పుంది చూడండి. గొట్టం చుట్టూ జల్లెడ గుడ్డ లేకపోతే బురద పట్టి మూసుకుపోతుంది.

నీళ్ళ పంపకం దగ్గర మనం టీఎంసీలే లెక్కపెడతాం. కొలరాడో నది విషయంలో అమెరికా, మెక్సికో 1944 ఒప్పందంలో మెక్సికోకు ఏడాదికి 15 లక్షల ఎకరా అడుగులని (ఎకరంలో అడుగు లోతు నిలిచే నీళ్ళు ఒక ఎకరా అడుగు) రాసుకున్నాయి. 1961లో ఎగువ పొలాల మురుగు నదిలో కలిసి మెక్సికో పొలాలు చెడ్డాయి. చివరికి 1973లో ఉప్పు ఎంత ఎక్కువుండొచ్చో కూడా రాసుకోవాల్సొచ్చింది: అమెరికాలోని ఇంపీరియల్ డ్యాం దగ్గర ఉన్నదాని కంటే 115 పీపీఎం (పది లక్షల వంతుల్లో 115 వంతులు), 30 అటూ ఇటూ. మన చివరి భూముల రైతు పైవాళ్ళ మురుగును ఆయిలింజనుతో తోడుకునేటప్పుడు ఇదే పరిస్థితి, ఒప్పందం లేదంతే. ఆ మురుగును కాలువ నీళ్ళలో కలిపి పెట్టడం కంటే వంతులేసి పెట్టడం మేలు. నారుకు, నాట్లకు, పూతకు కాలువ నీళ్ళు. మధ్యలో పిలకల దశలో మురుగు నీళ్ళు. కలిపేస్తే లేత దశలో కూడా మంచి నీళ్ళు దొరకవు.

తీరం ఇసుకలో దొరువులు (లోతు తక్కువ నీటి గుంటలు) ఉన్న వాళ్ళకు వేరే సంగతి. ఉప్పునీళ్ళ మీద మంచినీళ్ళు మీగడలా తేలుతుంటాయి. ఉప్పునీళ్ళ బరువు కొంచెమే ఎక్కువ కాబట్టి, పైన ఒక అడుగు తోడితే కింది ఉప్పు మట్టం నిలకడ మీద 40 అడుగుల దాకా పైకొస్తుంది. అందుకే అక్కడ లోతు బోరు వేస్తే రెండు మూడేళ్ళకే ఉప్పు. లోతు తక్కువలో నలువైపులా అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి నడుమ గుంటలోకి నీళ్ళు రప్పించే పద్ధతి మంచిది, అందులోంచి చిన్న మోటారుతో తోడొచ్చు. రెండు గంటలు తోడి ఆపండి. ఆపేముందు గ్లాసుడు నీళ్ళలో ఈసీ కొలిచే పెన్ను ముంచి చూసి గోడ మీద రాయండి. మొదట రాసిన అంకె కంటే 0.3 పెరిగిన రోజున మోటారు గంట తగ్గించండి.