చిక్కుడుకాయలూ, యునైటెడ్ ఫ్రంటూ

ఆదివారం. తొమ్మిదింటికి పోయిన కరెంటు పన్నెండు దాటినా రాలేదు. ఫ్యాన్ లేక మా మేనకోడలు పుస్తకాలన్నీ వరండాలోకి మోసుకొచ్చింది. గ్రూప్-2కి చదువుతోంది. నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే, "మామయ్యా, దేవెగౌడ ముందా, గుజ్రాల్ ముందా?" అంది.

దాని నోట్సులో యునైటెడ్ ఫ్రంట్ నాలుగంటే నాలుగు లైన్లు. నాకైతే అది మా ఇంటర్ రోజులు, నాన్న ట్రాన్సిస్టరూ.

నాన్న బ్యాంకు గుమాస్తా, యూనియన్ మనిషి. 1996 మే నెలలో వాజపేయి ప్రభుత్వం 13 రోజులకే దిగిపోయి, 13 పార్టీల ఫ్రంట్ వచ్చినప్పుడు ఆయన సంబరం చూడాలి. కన్వీనర్ మన చంద్రబాబు. మంతనాలు ఢిల్లీ ఆంధ్రా భవన్‌లో. ఒక్క బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు విషయంలోనే ఆయనకి కడుపుమంట. ప్రధాని పదవి ఇంటికొస్తే బసు పార్టీ సీపీఎం వద్దంది. ఆ తర్వాత బసు కూడా దాన్ని చారిత్రక తప్పిదం అన్నాడు. చివరికి కర్ణాటక నుంచి దేవెగౌడ వచ్చాడు. అయినా సీపీఐ ఇంద్రజిత్ గుప్తా హోంమంత్రి అయిన రోజు ఇంట్లో సేమ్యా పాయసం చేయించాడు నాన్న. కమ్యూనిస్టుల్ని జైళ్లలో పెట్టిన శాఖకి కమ్యూనిస్టే మంత్రి!

తమాషా ఏంటంటే, ఆ ప్రభుత్వంలోనే ఆర్థికమంత్రి చిదంబరం 1997 బడ్జెట్‌లో ఇన్‌కమ్ టాక్స్ రేట్లు 10, 20, 30 శాతానికి తగ్గించాడు. నాన్నకీ నాలుగు డబ్బులు మిగిలాయి. ఎర్రజెండా మనిషి కదా, ఆ మాట మాత్రం నోటితో ఒప్పుకోలేదు.

"మరి ఎందుకు పడిపోయింది?" అంది పిల్ల.

కాంగ్రెస్ బయటి నుంచి మద్దతు. అంటే వాకిట్లో కూర్చుని వంటకి వంకలు పెట్టడం. ఏప్రిల్ 1997లో కాంగ్రెస్ అధ్యక్షుడు కేసరి పుణ్యమా అని దేవెగౌడ పోయి గుజ్రాల్ వచ్చాడు. నవంబరులో రాజీవ్ గాంధీ హత్య మీద జైన్ కమిషన్ ఇచ్చిన నివేదిక పట్టుకుని, డీఎంకే మంత్రుల్ని తీసెయ్యమన్నారు కాంగ్రెస్ వాళ్లు. ఫ్రంట్ తియ్యనంది. కాంగ్రెస్ మద్దతు లాగేసింది. అన్నాళ్లూ సర్దుబాట్లతో బతికిన ప్రభుత్వం, సర్దుకోనన్న రోజున పోయింది. నాకు ఫ్రంట్ మీద మిగిలిన గౌరవమంతా ఆ ఒక్క సంగతికే.

నాన్నకి దెబ్బ తగిలింది మాత్రం అక్కడ కాదు. 1998 మార్చిలో, ఎన్నికలయ్యాక, కన్వీనర్ గారి పార్టీయే వాజపేయికి మద్దతిచ్చింది. రాష్ట్ర ప్రయోజనాలన్నారు. ఉండొచ్చు. రాష్ట్రంలో కాంగ్రెస్‌తో కొట్లాట, ఢిల్లీలో అదే కాంగ్రెస్ దయ మీద కాపురం ఎన్నాళ్లని? ఇప్పుడు నాకు అర్థమవుతుంది. ఆయనకి అర్థం కాలేదు. ఆ రాత్రి వార్తలు సగంలో ఉండగానే ట్రాన్సిస్టర్ కట్టేసి, పెరట్లోకి వెళ్లి చీకట్లో బీరపాదుకి నీళ్లు పోశాడు. అమ్మ పొద్దున్నే పోసిందని తెలిసి కూడా.

ఇదంతా పిల్లకి చెప్పలేదు. పరీక్షలో రాదుగా.

అది మార్జిన్‌లో చిన్నక్షరాలతో రాసుకుంటోంది: "ఫ్రంట్ కన్వీనర్ - చంద్రబాబు." దాని కిందే, "1998 లోక్‌సభ స్పీకర్ - బాలయోగి, టీడీపీ." రెండిటి మధ్యా గీత కూడా గియ్యలేదు. ఇంతలో కరెంటొచ్చింది. పుస్తకాలు అక్కడే వదిలేసి ఫోన్ ఛార్జింగ్‌కి పరిగెత్తింది.