మా ట్యాంకు బాల్ వాల్వు నేనే మార్చుకున్నాను

ఇవాళ తెల్లవారుజామున కుళాయి వచ్చింది, మా ట్యాంకు పొర్లలేదు. వారం రోజుల తర్వాత ఇదే మొదటిసారి. ఆ సంతోషం చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది శ్రీకాకుళం, బలగ వైపు. బాత్రూం స్లాబు మీద 500 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు. మున్సిపాలిటీ నీళ్ళు తిన్నగా అందులోకే ఎక్కుతాయి. నిండాక ఆపాల్సిన బాల్ వాల్వు ఆపడం మానేసింది. "ఏటమ్మా, నాగావళి మీ ఇంటి మీంచి పారుతున్నాదేటి?" అంది ఎదురింటి పిన్ని. ఎండాకాలంలో బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడిన వీధి మాది. తాగే నీళ్ళు కాలవలోకి పోతుంటే ప్రాణం ఉసూరుమంది.

ప్లంబరు మూడు రోజులు "వచ్చేస్తున్నానమ్మా" అన్నాడు, రాలేదు. మా ఆయన ఉద్యోగం విశాఖపట్నంలో. నాలుగో రోజు నేనే నిచ్చెన ఎక్కాను.

వాల్వు కాడ చివర నీళ్ళ మీద తేలే బంతిని విప్పి చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ళు గుడగుడమన్నాయి. అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక. నీళ్ళెక్కిన బంతి తేలదు. అది తేలకపోతే కాడ లేవదు, కాడ లేవకపోతే లోపలి రబ్బరు వాషరు నీటి దారి మూయదు. బంతి ఒక్కటే పాడైతే అదొక్కటే కొనుక్కోండి, విడిగా దొరుకుతుంది. షాపువాళ్ళు ఆ ముక్క చెప్పరు. మాకు వాషరు కూడా అరిగిపోయింది కాబట్టి మొత్తం మార్చక తప్పలేదు.

నన్ను ఏడిపించింది సైజు. కొలత టేపు పెట్టి, స్క్రూలా మర ఉన్న చోట బయటి కొలత చూశాను, 21 మిల్లీమీటర్లు. ముప్పావు అంగుళం అంటే 19 కదా, అర అంగుళమైతే 13 కూడా ఉండదు. కాబట్టి ముప్పావే అనుకుని ఇత్తడిది కొని, నీళ్ళు కారకుండా మరకి చుట్టే టెఫ్లాన్ టేపు చుట్టి బిగించబోతే ట్యాంకు బెజ్జంలో పట్టనే లేదు.

వెనక్కి పట్టుకెళితే షాపాయన దాన్ని చేత్తో ముట్టుకోలేదు. "టేపు చుట్టేసేరు, ఇంక తీసుకోం" అన్నాడు. సరే, అది వ్యాపారం. ఆ తర్వాత నలుగురు బేరగాళ్ళ ముందు, "ఇంట్లో మగోల్లెవులూ లేరేటి, మీరొచ్చేరు?" అన్నాడు. అక్కడ కూర్చున్న మేస్త్రీ పకపకా నవ్వాడు. డబ్బు పెట్టి సరుకు కొన్న మనిషిని నేను. సైజెంతని అడిగినప్పుడు "పాతది తెచ్చేరా?" అని ఒక్క మాట ఆయనే అడిగుంటే ఇంత జరిగేది కాదు. అడగడు, చెప్పడు, పైగా మగవాళ్ళ లెక్క! మొహం మంటెత్తిపోయింది. మాట్లాడకుండా వచ్చేశాను. అది ఇప్పటికీ గుచ్చుకుంటోంది, అప్పుడే రెండు మాటలు అనేసి రావాల్సింది.

నాలుగు కొట్లు అవతల ఒక ముసలి తాతగారు చెప్పారు. "పైపుకి పేరు లోపలి దారిని బట్టి పెట్టేరమ్మా, బయటి కొలత కాదు. బయట 21 ఉంటే అది అర అంగుళం. ముప్పావుకి బయట 26 దాటుతాది." రెండు ముక్కల్లో అయిపోయింది. ఆయన దగ్గరే అర అంగుళం వాల్వు కొన్నాను. ఇంకేం కావాలన్నా ఇకమీదట ఆ కొట్టుకే వెళ్తాను.

బిగించడం గంట పని. ట్యాంకుకి నీళ్ళు ఎక్కకుండా కింద గేట్ వాల్వు తిప్పి కట్టేశాను. లోపలి నట్టుని పట్టుకోమని మా అబ్బాయిని ఎక్కించి, బయటిది నేను స్పానరుతో తిప్పాను. ఒక్కరే తిప్పితే మొత్తం గిర్రున తిరుగుతుంది. టేపు మర తిరిగే వైపే చుట్టాలి, ఎదురు చుడితే బిగిస్తుంటే ఊడి వచ్చేస్తుంది. ప్లాస్టిక్ ట్యాంకు గోడ పలచన, బలమంతా చూపించకండి. ఇత్తడి కాడని కాస్త కిందకి వంచాను, పొర్లు గొట్టానికి నాలుగు వేళ్ళ కిందే నీళ్ళు ఆగాలని.

పొద్దున్న టార్చిలైటు పట్టుకుని మూత తీసి చూస్తూ నిలబడ్డాను. బంతి మెల్లగా లేచింది, ధార సన్నబడింది, చుక్కయింది, ఆగింది. సరిగ్గా నాలుగు వేళ్ళు. కిందకి దిగి పిన్నిని పిలిచి మరీ చూపించాను.

ముప్పావు వాల్వు కిటికీ గట్టు మీద అలాగే ఉంది. బలగలో ఎవరికైనా ఆ సైజు కావాలంటే వచ్చి పట్టుకెళ్ళండి, డబ్బులొద్దు.