అంతర్వేది తీర్థంలో పాచికల లెక్క: నా ప్రాజెక్టు అనుభవం

ఎమ్మెస్సీ మ్యాథ్స్ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టుకి ఉగ్రవాద నిరోధంలో గణితం తీసుకుంటానంటే, మా గైడ్ మేడమ్ అడిగింది ఒక్కటే: "మనిషిని చూసి పట్టేసే మోడలా? అయితే వద్దు." ఎందుకో అక్కడే లెక్క వేసి చూపించారు. 10 లక్షల మందిలో పదిమంది దుర్మార్గులున్నారనుకుందాం. నూటికి 99 సార్లు సరిగ్గా చెప్పే యంత్రం పెట్టినా, ఏ పాపం ఎరగని దాదాపు 10,000 మందిని అనుమానితులంటుంది. అసలువాళ్లు ఆ గుంపులో కలిసిపోతారు.

అందుకని, ఉన్న కాస్త కాపలాని ఎప్పుడు ఎక్కడ పెట్టాలన్న లెక్కకి మళ్లాను. 1934లో స్టాకెల్‌బర్గ్ అనే ఆర్థికవేత్త చెప్పిన ఆట దీనికి మూలం: ఒకడు ముందు ఎత్తు వేస్తాడు, రెండోవాడు అది చూసుకుని వేస్తాడు. కాపలావాడిది ఎప్పుడూ ముందు ఎత్తే. మిలింద్ తాంబే బృందం ఈ పద్ధతినే 2007లో లాస్ ఏంజెలస్ విమానాశ్రయంలో పెట్టింది. తనిఖీ ఏ రోడ్డు మీద, పోలీసు కుక్కలు ఏ టెర్మినల్‌లో అన్నది కంప్యూటర్ లాటరీ తీసేది. ముఖ్యమైన చోటికి ఎక్కువ వంతులొచ్చేవి.

నేను అంతర్వేది తీర్థాన్ని, అంటే అక్కడి జాతరని తీసుకున్నాను. నరసాపురం నుంచి పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద సఖినేటిపల్లి రేవులో దిగేవాళ్లు కొందరు, మలికిపురం రోడ్డున వచ్చేవాళ్లు కొందరు. తనిఖీ బృందం ఒక్కటే అనుకున్నాను. రోడ్డున జరిగే నష్టానికి 6, రేవులో 3 అని ఊహించి వేశాను. బృందం రోడ్డు మీదే ఉండిపోతే శత్రువు రేవుకి పోయి 3 కొట్టేస్తాడు. మూడు వంతుల్లో రెండు రోడ్డుకి, ఒకటి రేవుకి ఇస్తే, ఎటు వచ్చినా వాడికి సగటున దక్కేది 2 (బృందం ఉన్నచోట వాడికి సున్నా కాబట్టి, రోడ్డున 6లో మూడో వంతు, రేవులో 3లో మూడింట రెండు వంతులు). వరసగా తిప్పితే కనిపెట్టేస్తాడు కాబట్టి పాచిక వెయ్యాలి: 1 నుంచి 4 పడితే రోడ్డు, 5, 6 పడితే రేవు.

హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మా బాబాయికి చూపిస్తే నవ్వేశాడు. "ఒరేయ్, పంటు ఒడ్డుకి ఆనినప్పుడు రేవులో జనం చూశావా? అప్పుడు కూడా మూడేనా?" నిజమే, ఆ గంటకి రేవు కూడా 6 అవుతుంది, వంతులు సగం సగమవుతాయి. "పైగా పాచిక పడిందని ఆ జనంలోంచి బండెలా తిప్పుతార్రా?" అన్నాడు. ఈ రెండో ప్రశ్నతోనే నా నిద్ర పోయింది. చివరికి విడి వంతులు మానేసి, దారి సమయం కలుపుకుని, పూట మొత్తానికి సరిపోయే షెడ్యూళ్ల మధ్య లాటరీ పెట్టాను. ఎక్సెల్ సాల్వర్ సరిపోక పైథాన్‌కి వెళ్లాల్సొచ్చింది.

వైవాలో టెన్షన్ పెట్టిన ప్రశ్న: "శత్రువు ఇంత పక్కాగా లెక్క వేస్తాడా?" వెయ్యక్కర్లేదు. బోస్టన్ రేవులో అమెరికా కోస్ట్ గార్డ్ 2011లో వాడిన మోడల్, ఎదుటివాడు పొరపాటు ఎంపికలూ చేస్తాడన్నది లెక్కలోకి తీసుకుంది. అది చెప్పాక ఎక్స్‌టర్నల్ సారు తలూపి, "మరి ఆ 6, 3 ఎక్కణ్ణుంచి వచ్చాయి?" అన్నారు. ఊహేనని చెప్పి, రేవు విలువని 2 నుంచి 6 దాకా మారుస్తూ వేసిన పట్టిక ముందు పెట్టాను. మిగతా ప్రశ్నలన్నీ దాని మీదే నడిచాయి.