బెత్తెడు కొమ్ములు

నెల్లూరులో మా ఇంటి నుంచి స్టేషనుకు ఆటో వంద రూపాయలైంది. తెల్లవారుజామున తిరిగి ఖాళీగా రావాలి కదమ్మా అన్నాడు ఆటో అతను. అక్కడి నుంచి ఒంగోలు 116 కిలోమీటర్లు. అంత దూరానికి, దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే మెము రైలు టికెట్టు ఆ వందలో సగం కూడా కాదు. కరోనా తరువాత ఈ రైళ్లలో కనీస టికెట్టు 30 రూపాయలకు ఎక్కి కూర్చుంది, 2024 ఫిబ్రవరిలో మళ్లీ 10కి దిగింది. ఆ మధ్య కాలంలో రోజూ పనికి వెళ్లివచ్చేవాళ్లు ఎంత నలిగిపోయారో దగ్గరగా చూశాను. మా బడిలో పనిచేసే ఆయా కొడవలూరు నుంచి వస్తుంది. జీతం రైలుకే పోతోందని ఆ రోజుల్లో రెండు ఆటోలు మారి వచ్చేది.

ఒంగోలులో మా పిన్ని మనవరాలి ఓణీల వేడుక. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. భోజనం బాగుంది, ఎండ మండిపోయింది. నేను రాయాలనుకున్నది దారిలో రైలు ఆగిన యాభై నిమిషాల గురించి.

పెన్న వంతెన మీదికి రాగానే అలవాటుగా కిటికీలోంచి కిందికి చూశాను. ఇసుక దిబ్బల నడుమ సన్నటి పాయ. 2021 నవంబరులో ఇదే పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్టను కోసేసిందంటే, ఈ పాయను చూసినవాళ్లు నమ్మరు. కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడిన ఫోటోలు అప్పుడు అందరి ఫోన్లలోనూ తిరిగాయి. ఎదురుగా కూర్చున్న కాలేజీ పిల్లలకు ఆ మాట చెబితే తలూపి మళ్లీ నిద్రలోకి జారుకున్నారు.

ఈ దారిలో నాకు చదువు వచ్చింది. మాట వరసకు కాదు, నిజంగానే. మా అమ్మమ్మ ఊరు కావలి పక్కన. సెలవులకు వెళ్లేటప్పుడు పాసింజరు రైలు ప్రతి స్టేషనులోనూ ఆగేది. ప్లాట్‌ఫారం చివర పసుపు పలక, దాని మీద నల్లటి అక్షరాలు. పైన తెలుగు, కింద హిందీ, దాని కింద ఇంగ్లీషు. అమ్మమ్మ నన్ను ఒళ్లో నిలబెట్టుకుని ఒక్కొక్క అక్షరమే పలికించేది. తలమంచి వచ్చినప్పుడు “ఎవరి తల మంచిది అమ్మమ్మా?” అని అడిగానట. బిట్రగుంటలో ట కింద వేలాడే ఆ క్రావడిని చూసి కొక్కెం అన్నానట. పలక మీద సముద్ర మట్టానికి ఆ చోటు ఎంత ఎత్తో కూడా రాసి ఉండేది. ఆ అంకెను తాతయ్య చదివేవాడు. ఇప్పుడు కొన్నిచోట్ల ఆ అక్షరాలను కంప్యూటర్‌లో కత్తిరించి అతికిస్తున్నారు. శుభ్రంగానే ఉన్నాయి. కానీ కుంచెతో రాసిన అక్షరంలో చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ తిరిగిందో కనిపించేది. తెలుగు అక్షరం అంతా గుండ్రం కనుక స్కేలు పెట్టి గీయడానికి కుదరదు, మణికట్టు తిరగాలి.

కావలి దాటాక ఒక చిన్న స్టేషనులో మా రైలును పక్క లైనులో పెట్టారు. ఆ స్టేషను పేరు రాయను. అక్కడ పనిచేసేవాళ్లు నాతో మర్యాదగా మాట్లాడారు. నేను చెప్పబోయే పొరపాటు వాళ్లది కాదు కూడా. వెనక నుంచి ఒకదాని తరువాత ఒకటి రెండు ఎక్స్‌ప్రెస్‌లకు దారి ఇవ్వాలి. మూడో లైను వస్తే ఈ బాధ తీరుతుందని ఏళ్ల తరబడి విన్నాం. పది నిమిషాలు చూసి సగం పెట్టె దిగి చెట్ల కిందకు చేరింది. నేనూ దిగాను.

అప్పుడు కనిపించింది గిత్త.

టికెట్ల గది పక్క గోడ మీద నిలువెత్తు ఒంగోలు గిత్త. తెల్లటి ఒళ్లు, మెడ దగ్గరికి వచ్చేసరికి బూడిద రంగు. దాని వెనక ఒకవైపు వెంకటగిరి చీర అంచు, ఇంకోవైపు తెరచాప ఎత్తిన పడవ. ఆ రెండూ ఫరవాలేదు, ఎక్కడైనా చూసేవే. గిత్త అలా కాదు. సరిగ్గా దాని ముందుకాళ్ల దగ్గర మంచినీళ్ల కుళాయి ఉంది. కుళాయి కారి కింద చిన్న మడుగు కట్టింది. గిత్త తొట్టి దగ్గరకు నడిచి వచ్చి ఆగినట్టుంది. సీసాలు నింపుకునేవాళ్లు దాని గిట్టల మీద చెయ్యి ఆనించి వంగుతున్నారు. అన్ని చేతులు తగిలి గిట్టల దగ్గర రంగు నున్నబడింది. బొమ్మల ప్రదర్శనలో పటం ముందు తాడు కడతారు, దగ్గరకు రానివ్వరు. ఇక్కడ బొమ్మను ఆనుకుని నీళ్లు తాగుతున్నారు. నాకు చాలా నచ్చింది. ఫోను తీశాను.

“ఈ గిత్త మనది కాదమ్మా.”

వెనక ఒక పెద్దాయన. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చేతిలో మూడు గిన్నెల స్టీలు క్యారియరు. డెబ్బై దాటి ఉంటాయి.

“ఒంగోలు గిత్తే కదా పెదనాన్నా, మూపురం చూడండి” అన్నాను.

“మూపురం మనదే. గంగడోలు మనదే. కొమ్ములు మాత్రం మైసూరు వైపువి.”

నిజమే. కొమ్ములు పొడుగ్గా, వెనక్కి వంగి, మొనదేలి ఉన్నాయి. అంతవరకు నా కంటికి ఆనలేదు. ఎద్దు అనగానే కొమ్ములు పొడుగు అనుకునే పట్నపు కన్ను నాది. ఆయన క్యారియరు నా చేతికిచ్చి గోడ దగ్గరకు వెళ్లాడు. నాలుగు వేళ్లూ దగ్గరగా చేర్చి గిత్త నుదుటి పక్కన ఆనించాడు.

“బెత్తెడు. మహా అయితే ఇంకో రెండు వేళ్లు. పొట్టిగా, మొదట్లో లావుగా, పక్కకు తిరిగి ఉంటాయి. కొమ్ము పొడుగైతే సంతలో బేరగాళ్లు వంక పెట్టేవాళ్లు.”

ఆయన పొగాకు పండించిన రైతు. రెండు జతల గిత్తలను పెంచానని, చదలవాడ పశువుల ఫారం దాకా నడిచి వెళ్లి అక్కడి ఆబోతులను గంటలకొద్దీ చూసి వచ్చేవాడినని చెప్పాడు. ట్రాక్టరు వచ్చాక అమ్మేశాడట. ఎన్నాళ్లయిందని అడిగితే సంవత్సరం చెప్పలేదు, “మా పెద్దమ్మాయి పెళ్లి ఏడు” అన్నాడు.

ఆ తరువాత ఆయన ఆ బొమ్మను చదివాడు. చదివాడనే అనాలి. గంగడోలు మెడ కింద మొదలై ముడతలు ముడతలుగా ముందుకాళ్ల మధ్య నుంచి కిందిదాకా దిగాలి, దిగింది. కంటి చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి గీత ఉండాలి, ఉంది. ముట్టె నలుపు, సరిపోయింది. తోక కుచ్చు నలుపు. మూపురం నిటారుగా ఉంది, ఒక పక్కకు ఒరిగిపోలేదు. “ఇదంతా వేసినవాడు గిత్తను దగ్గర పెట్టుకుని చూసి వేశాడమ్మా. చూడకుండా వేస్తే కంటికి కాటుక రాదు. మరి ఇంత తెలిసినవాడు కొమ్ముల దగ్గర ఎందుకు తప్పాడు?”

ఆ ప్రశ్నకు జవాబు గోడ మీదే ఉంది. పొద్దు ఇంకా పైకి ఎక్కలేదు, వెలుగు గోడ మీద ఏటవాలుగా పడుతోంది. గిత్త ఒళ్లంతా ఎండకు వెలిసి పొడిగా ఉంది. కొమ్ములు మాత్రం తళతళ మెరుస్తున్నాయి. అది వేరే రంగు, తలుపులకూ గ్రిల్లులకూ వేసే ఎనామిల్ రంగు. తల పైన గోడ మీదుగా ఒక వాన నీటి గొట్టం దిగుతోంది. గొట్టం బిగించినప్పుడు పెచ్చు ఊడినట్టుంది, అక్కడ సిమెంటు పూత వేరుగా కనిపిస్తోంది. పూత వేశాక చెరిగిన కొమ్మును ఎవరో మళ్లీ గీశారు. ఒకటి గీశాక జోడు కుదరాలని రెండోదాన్ని కూడా పొడిగించారు. ఆ రెండో కొమ్ము దగ్గర ఆయన వేలితో తడిమి, నా వేలిని కూడా అక్కడ పెట్టించాడు. మెరిసే రంగు కింద సన్నటి గట్టులా పాత రంగు అంచు తగిలింది. పొట్టిగా, లావుగా, పక్కకు తిరిగి. బెత్తెడు.

“చూశావా! వాడు సరిగ్గానే వేశాడు” అన్నాడు పెద్దాయన. తన మీద పడిన నింద తొలగినట్టు ఆయన ముఖం విచ్చుకుంది.

నాకు మాత్రం కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు. గొట్టం బిగించవలసిందే, వాన నీళ్లు పోవాలి. పెచ్చు ఊడితే పూయవలసిందే. కానీ బొమ్మ మీద కుంచె పెట్టే ముందు దాన్ని వేసిన మనిషిని ఒక్క మాట అడగవచ్చు కదా? అడగాలంటే ఆ మనిషి ఎవరో తెలియాలి. గోడ నాలుగు మూలలూ వెతికాను. సంతకం లేదు. ఊరి పేరు లేదు, సంవత్సరం లేదు. ఆ పక్కనే నీళ్ల కుళాయి దాత పేరు పాలరాతి మీద చెక్కి ఉంది. దాత పేరు ఉండవలసిందే, ఇంత ఎండలో నీళ్లు ఇచ్చినవారు. గిత్తను ఇచ్చినవారి పేరూ ఉండాలి. పలకల మీద అక్షరాలు రాసి నాకు చదువు చెప్పిన చేతుల పేర్లు కూడా నాకు తెలియవు, ఇక తెలిసే దారీ లేదు.

మొదటి ఎక్స్‌ప్రెస్ దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. వేప చెట్టు కింద కూర్చుని నేను బ్రెజిల్ సంగతి చెప్పాను. మన గిత్తలు ఓడలెక్కి అక్కడికి చేరాయని, అక్కడి పశువుల్లో ఎక్కువ భాగం ఈ జాతివేనని, వాటిని అక్కడ నెలోరె అంటారని. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది మరి. ఆ తరువాత గుంటూరు జిల్లాలోకి వెళ్లింది, ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970లో, దానికి ప్రకాశం పేరు పెట్టింది 1972లో. పేరు మా నెల్లూరుదైందని నేను కాస్త గర్వంగానే అన్నాను.

“పేరు మీది, గిత్త మాది” అని నవ్వాడాయన. బ్రెజిల్ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. 1960ల మొదట్లో ఒంగోలు పక్కన కరవది నుంచి వెళ్లిన గిత్త అక్కడ కరవది పేరుతోనే ఖ్యాతికెక్కింది. ఆ మాట ఆయన చిన్నప్పుడు ఊళ్లలో కథలా చెప్పుకునేవారట. “దూరదేశం వాళ్లు కూడా గిత్తకు ఊరి పేరు నిలబెట్టారు” అన్నాడు. ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. నేను మాత్రం మళ్లీ గోడ వైపు చూశాను.

రెండో ఎక్స్‌ప్రెస్ వచ్చేలోగా క్యారియరు తెరిచి ఒక గిన్నె నా ముందు పెట్టాడు. ఒంగోలులో హాస్టల్లో ఉండి చదువుకునే మనవరాలి కోసం తీసుకెళుతున్న గోంగూర, మజ్జిగ మిరపకాయలు. వద్దంటే ఊరుకోలేదు. మజ్జిగ మిరపకాయ ఒకటి తీసుకుని కొరికాను. మా అమ్మమ్మ చేసినట్టే ఉప్పు కాస్త ముందుంది.

సిగ్నల్ పడ్డాక ఆయనే గుర్తుచేశాడు. “ఫోటో తీస్తానన్నావుగా, తియ్యి. నా చెయ్యి పడేలా తియ్యి.” మళ్లీ గోడ దగ్గరకు వెళ్లి నాలుగు వేళ్లు గిత్త నుదుటి పక్కన ఆనించి నిలబడ్డాడు. ముఖం నావైపు తిప్పలేదు, కొమ్మునే చూస్తున్నాడు. గార్డు విజిల్ వేస్తుండగా తీశాను. చెయ్యి స్పష్టంగా వచ్చింది. గోళ్లలో మట్టి రంగు, చూపుడు వేలు మీద పాత కొడవలి మచ్చ. ఆ చేతి పక్కన మెరిసే తప్పు కొమ్ము, దాని కింద పొట్టి కొమ్ము గట్టు.

సింగరాయకొండ, టంగుటూరు అలాగే గడిచిపోయాయి. ఒంగోలులో దిగి ఆయన జనంలో కలిసిపోయాడు. పేరు అడగలేదు. సంతకం లేదని గోడను అంతసేపు నిలదీసిన దాన్ని, ఎదురుగా ఉన్న మనిషిని పేరు అడగలేదు. రాత్రి పడుకున్నాక అది గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

నెల్లూరు వచ్చాక ఆ ఫోటో రెండు ప్రతులు తీయించాను. ఒక్కోటి ఇరవై రూపాయలు. ఒకటి ఉత్తరంతో కలిపి ఆ స్టేషను మాస్టరు గారికి పంపాను. ఉత్తరంలో రెండే కోరాను. మళ్లీ రంగులు వేయించేటప్పుడు కొమ్ములు బెత్తెడుకు తగ్గించమని, దానికి కొలత ఫోటోలోనే ఉందని. ఆ గిత్తను వేసినవారి పేరు పాత కాగితాల్లో ఎక్కడైనా ఉంటే కుళాయి పక్కన రాయించమని, రాసేవారికి కూలి నేను ఇచ్చుకుంటానని.

రెండో ప్రతి నా సంచిలో ఉంది. వచ్చే నెల పిన్నిని చూడటానికి మళ్లీ ఒంగోలు వెళ్లాలి. అదే మెముకు, అదే వేళకు, గోడ కనిపించే వైపు కిటికీలో కూర్చుంటాను. పెద్దాయన కూడా నెలకోసారి మనవరాలి దగ్గరకు ఆ రైల్లోనే వెళతానన్నాడు.